అద్దం కింద చీటీ

నంద్యాలలో నేను పనిచేసిన ప్రైవేటు కాలేజీలో నా బల్ల మీద ఒక అద్దం ఉండేది. ఆఫీసు బల్లల అద్దాల కింద జనం దేవుడి బొమ్మలు పెట్టుకుంటారు, చిన్న క్యాలెండర్లు పెట్టుకుంటారు. నా అద్దం కింద రెండేళ్లకు పైగా ఒక చీటీ ఉంది. దాని మీద అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన పన్నెండు గుర్తుల నంబరు, దాని కింద ప్రిన్సిపాల్ సంతకం. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. మా ఇంటి ఫోన్ నంబరు ఎవరైనా అడిగితే ఒక్క క్షణం ఆలోచిస్తానేమో గానీ, దీనికి ఆలోచించక్కర్లేదు. ఆ చీటీ తెచ్చిచ్చిన మనిషి గురించి, అది చేతికొచ్చిన రోజు నేను చేయని పని గురించి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా దాటేస్తూ వచ్చాను.

ఆయన నాకు ఫిజిక్స్ చెప్పిన సారు. తొంభైలలో నేను ఆళ్లగడ్డలో ఇంటర్ చదివాను. మాది శిరివెళ్ల దగ్గర పల్లె. పొద్దున బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. సారు హాజరు పిలవడం అయిపోగానే తలుపు మూసి గడియ పెట్టేవారు. ఆ తర్వాత ఎవరొచ్చి కొట్టినా తీసేవారు కాదు. వారంలో రెండు రోజులైనా ఆ తలుపు బయట నిలబడిన ఘనత నాది.

అయితే వరండా వైపు కిటికీ మాత్రం బార్లా తెరిచి ఉండేది. నేను ఆ కిటికీ అంచు మీద నోటుబుక్కు పెట్టుకుని పాఠం రాసుకునేవాడిని. సారు నా వైపు చూసేవారు కాదు. ఒక్కటి మాత్రం జరిగేది. నేను బయట ఉన్న రోజుల్లో ఆయన బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేవారు, రాసి కాస్త పక్కకు జరిగి నిలబడేవారు. అది నా కోసమేనని ఆ వయసులో నాకు తోచలేదు. హాజరు పోయిందన్న కోపమే తోచింది. ఒకసారి ప్రాక్టికల్ పరీక్ష రోజు కూడా బస్సు ఆలస్యమైంది. కిటికీలోంచి బతిమాలుకున్నాను.

"బస్సు ఆలస్యమైతాదని తెలిసినాక ముందు బస్సుకు రావాల కదప్పా," అన్నారు సారు. అంతే. ఆయన ఒకసారి చెప్తే చెప్పినట్టు, ఒకసారి అడిగితే అడిగినట్టు. ఏదీ రెండోసారి ఉండేది కాదు.

సారు వాళ్లు క్రైస్తవులు. ఆయన భార్య మిషను బడిలో టీచరు. ఒక ఆదివారం రికార్డు పుస్తకం ఇవ్వడానికి వాళ్లింటికి పోతే ఆమె అప్పుడే ఆదివారం ప్రార్థన ముగించుకుని గుడి నుంచి వచ్చి ఉన్నారు. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆ కిటికీ పిల్లోడివి నువ్వేనా? ఆయప్ప చెప్తాంటాడులే. పొద్దున కడుపుకింత తిని వస్తాండావా, అట్లనే పరిగెత్తుకొస్తాండావా?" అని అడిగారు. అడిగి ఊరుకోలేదు. కూర్చోబెట్టి బొరుగులతో చేసిన ఉగ్గాని పెద్ద గిన్నెడు పెట్టారు. ఆ తర్వాత బజారులో ఎక్కడ కనిపించినా "ఏం కిటికీ పిల్లోడా" అనే పలకరించేవారు. నాకు సిగ్గుగా ఉండేది, సంతోషంగానూ ఉండేది.

పదేళ్లు దాటాక నేను నంద్యాల కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో కుదిరాను. కొన్నాళ్లకు కాలేజీకి వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టించారు. ముందు ఊరికే వదిలేశాం. హాస్టలు మొత్తం దాని మీద పడింది. పాస్‌వర్డ్ పెట్టాను. పొద్దున మార్చిన పాస్‌వర్డ్ మధ్యాహ్నానికి హాస్టలు మెస్సు గోడ మీద బొగ్గుతో రాసి ఉండేది. ఒకరోజైతే నేను లెక్చరర్లకు తప్పుగా చెప్పిన అక్షరాన్ని ఎవరో దిద్ది మరీ రాశారు. నాకు కోపం నషాళానికి అంటింది. చివరికి ఒక ఉపాయం పట్టుకున్నాను. వైర్‌లెస్‌లో చేరే ప్రతి యంత్రానికీ తయారైనప్పుడే ఒక నంబరు పెట్టి పంపుతారు. ఆ నంబర్ల జాబితాను, ఇంటర్నెట్‌ను అందరికీ పంచే రూటరుకు ఇచ్చేస్తే, జాబితాలో ఉన్న యంత్రాలనే అది లోపలికి రానిస్తుంది. పాస్‌వర్డ్ ఎంత తెలిసినా మిగతావాళ్లు బయటే. పాస్‌వర్డ్‌ను గోడ మీద రాయొచ్చు గానీ యంత్రాన్ని గోడకు పూయలేరు కదా. ఆ నంబరును మార్చే విద్యలు కూడా ఉన్నాయి గానీ, అవి అప్పటికి మా హాస్టలు దాకా రాలేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నా సంగతీ అంతే అయింది. చీటీ మీద నంబరు రాసి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించి తెస్తేనే చేరుస్తానని నోటీసు అంటించాను. లెక్చరర్లు నా గది ముందు నిలబడేవారు. నిన్నమొన్నటి దాకా నన్ను "ఏయ్ కంప్యూటరూ" అని పిలిచిన పెద్దమనుషులు "అన్నా" అనడం మొదలుపెట్టారు.

మా రూటరు చవకరకం. ముప్పై రెండు నంబర్లకు మించి పట్టదు. రెండు నెలల్లో ముప్పై రెండు గడులూ నిండిపోయాయి. అందులో కాలేజీ నడిపే కరస్పాండెంట్ బావమరిదివి రెండు ల్యాప్‌టాప్‌లు. రెండోది వాళ్ల పిల్లలు ఆటలాడుకునేది. చివరి రెండు గడులు నావి. ఒకటి నా ల్యాప్‌టాప్‌ది. ఇంకొకటి, అరచేతిలో పట్టేంత చిన్న పరికరానిది. సెకండ్‌హ్యాండులో కొన్నాను. దానిలో కూడా ఇంటర్నెట్ వస్తుందని నలుగురికీ చూపించడానికి తప్ప దాన్ని దేనికీ వాడలేదు.

ఆ సమయంలో వచ్చారు సారు. ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరై, మా కాలేజీలో వారానికి ఐదు రోజులు పాఠాలు చెప్పడానికి కుదిరారు. ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చిపోయేవారు. తలుపు మూసే అలవాటు ఇక్కడా మానలేదు. ఒక సోమవారం నా గదికి వచ్చి, చీటీ నా చేతికిచ్చారు. బోర్డు మీది రాతే. గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా.

"ఈ ల్యాప్‌టాప్‌ను మీ వైర్‌లెస్‌లో చేర్చాలప్పా. ప్రిన్సిపాల్‌తో సంతకం పెట్టించినా."

"ల్యాబులో సిస్టమ్‌లు ఖాళీగానే ఉండాయి కదా సార్. యాడైనా కూర్చోండి."

"ల్యాబులో వద్దు. ఒక ఉత్తరం రావాల్సుండాది. అది నేనొక్కణ్ణే చదువుకోవాల."

"జాబితా నిండిపోయింది సార్. చూస్తా. రేపు చేస్తా."

మా వైపు పెద్దవాళ్ల ముఖాన కాదనం. చూస్తామంటాం, రేపంటాం. ఎదుటివాళ్లకు కూడా అది అర్థమవుతుంది. రెండు మూడు సార్లు వచ్చి అడిగితే మెత్తబడతాం. పనులు అట్లాగే జరుగుతాయి. సారు ఆ దారిన నడిచే మనిషి కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆయన సరేనని తలూపి వెళ్లిపోయారు. నేను చీటీని అద్దం కింద పెట్టాను.

ఆ ఉత్తరమేమిటో నాకు తర్వాత తెలిసింది. సారు భార్యకు రొమ్ములో గడ్డ లేచింది. చిన్న ముక్క తీసి పరీక్షకు బెంగుళూరు పంపారు. పోస్టులో ఆలస్యమవుతుందని, రిపోర్టు మెయిల్‌లో పంపుతామని ఆసుపత్రి వాళ్లు చెప్పారు. ముందు తానొక్కడే చదవాలి. చదివి, ఆ మాటను దిగమింగుకోవాలి. ఆళ్లగడ్డ పోయి, ఆమె పక్కన కూర్చుని, తన నోటితో చెప్పాలి. సారు కోరుకున్నది ఇంతే. ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషికి ఆ మాట వేరే ఎవరి నోటి నుంచో తెలియకూడదని.

ఇది నాకు అప్పుడు తెలియదు. ఆ మాట వెనక దాక్కోవచ్చు. కానీ తెలిసింది ఇంకొకటి ఉంది. మా రూటరు తాను లోపలికి రానివ్వని యంత్రాల నంబర్లను కూడా రాసి పెడుతుంది. మంగళవారం సాయంత్రం ఆ పట్టిక తెరిస్తే అద్దం కింది నంబరు కనిపించింది. మొదటి పీరియడ్ అయ్యాక ఒకసారి, భోజనాల వేళ ఒకసారి, మూడింటికి ఒకసారి. సారు స్టాఫు రూములో ల్యాప్‌టాప్ తెరుస్తున్నారు, అది రూటరును అడుగుతోంది, రూటరు పొమ్మంటోంది. బుధవారమూ అంతే. గురువారమూ అంతే. నేను మూడు రోజులూ చూశాను. ఆ చిన్న పరికరం నంబరు తీసేసి ఈ పన్నెండు గుర్తులూ కొట్టడం రెండు నిమిషాల పని.

ఎందుకు చేయలేదు? పని ఒత్తిడి అని చెప్పొచ్చు. అబద్ధం. ప్రాక్టికల్ పరీక్ష రోజు నేను నిలబడిన వరండా నా కళ్ల ముందుకొచ్చింది. ఇప్పుడు గడియ నా చేతిలో ఉంది, ఇంకొకసారి వచ్చి అడగనీ అనుకున్నాను. పట్టికలో ఆ నంబరు కనిపించినప్పుడల్లా లోపలెక్కడో తృప్తిగా ఉండింది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనం ఆఫీసు గుమాస్తాలను తిట్టుకుంటాం. ప్రిన్సిపాల్ సంతకం అద్దం కింద ఉంది. ఆ పూజారిని నేనే.

శుక్రవారం పట్టికలో ఆ నంబరు లేదు. సారు మధ్యాహ్నం మొదటి పీరియడ్ చెప్పి వెళ్లిపోయారన్నారు. ఏదో పని ఉంటుందిలే అనుకున్నాను.

శనివారం కాలేజీకి కేబుళ్లు వేసే మనిషి వచ్చాడు. అతనికి బస్టాండు దగ్గర నెట్ సెంటరు కూడా ఉంది. సొంతూరు ఆళ్లగడ్డ. తల్లి అక్కడే ఉంటుంది, సారు వాళ్లు పోయే గుడికే పోతుంది. వైరు చుట్ట విప్పుతూ అతనే మాటెత్తాడు.

"మీ ఫిజిక్స్ సారు నిన్న మా సెంటరుకు వచ్చినాడన్నా. మెయిల్ తెరిచి ఊరికే చూస్తా కూర్చున్నాడు. సిస్టమ్ పట్టేసిందేమో అని నేను పోయి చూస్తి. ప్రింటు తీయమన్నాడు. తీస్తా చదివినా. క్యాన్సర్ అని ఉండాదే సార్, అమ్మకా అని అడిగితి. క్యాబిన్లలో ఉండేవాళ్లంతా తలకాయలు ఎత్తి చూసినారు. ఆయప్ప డబ్బులు బల్ల మీద పెట్టినాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని పోయినాడు. నాకు పాపమనిపించె. మా అమ్మకు ఫోన్ చేసి, పోయి ఆయమ్మకు తోడుగా కూర్చోమ్మా అని చెప్పినా."

అతను మంచి చేశాననే చెప్పాడు. అతని ముఖంలో మంచితనమే ఉంది. సారు మాత్రం బస్టాండు బెంచీ మీద కూర్చుని, ఆ మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు బస్సులు వదిలేశారట. అవి వదిలిన సంగతి కూడా నెట్ సెంటరు అద్దాల్లోంచి చూసిన ఇతనే చెప్పాడు.

అతను పోయాక నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. రూటరు జాబితా తెరిచి నా చిన్న పరికరాన్ని తీసేశాను. అద్దం కింది చీటీని చూస్తూ సారు నంబరు కొట్టాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆదివారం ఆళ్లగడ్డ పోయాను. సారు వసారాలో చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. "రాప్పా," అన్నారు. లోపలి నుంచి ఆమె వచ్చి, "కిటికీ పిల్లోడా, ఇన్నాళ్లకు దారి తెలిసిందా?" అని నవ్వారు. కాస్త చిక్కారు గానీ గొంతు అదే. ఆమే చెప్పుకొచ్చారు.

"మొన్న చూడాల్సిందప్పా మా ఇల్లు. ముందు ఇద్దరు వచ్చినారు, యెనక నలుగురు. అందరూ ఏడ్చుకుంటానే వచ్చినారు. మా గుడి సంఘంలో ఎవరో పోయినారనుకొని నేను గూడా ఏడుస్తి. కొంచేపు ఏడ్చి, ఇంతకీ ఎవరమ్మా అని అడిగితే నాకే అంట."

అది చెప్పి ఆమె మళ్లీ నవ్వారు.

"ఆయప్ప అప్పటికింకా బస్సులోనే ఉండాడు. చీకటి పడేటప్పుడు వచ్చి గడపలో నిలబడినాడు. తెలిసిందిలే, వచ్చి కాళ్లు కడుక్కో అని నేనే అంటి."

సారు తల ఎత్తలేదు. గింజలు ఒక పక్కకు, పండు ఒక పక్కకు వేస్తూనే ఉన్నారు. ఆ ఇంట్లో ఆ రోజు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. చెప్పకుండానే మజ్జిగ తాగి, దండం పెట్టి, బస్సెక్కాను.

ఏడు నెలలకు ఆమె పోయారు. దేవుళ్ల విగ్రహాలు చెక్కే ఆళ్లగడ్డ శిల్పే ఆమె సమాధికి రాయి చెక్కాడు. సిలువ, దాని కింద పేరు, ఒక వాక్యం. సారు మళ్లీ కాలేజీకి రాలేదు. జాబితాలో ముప్పై రెండో గడిలో ఆయన నంబరు అట్లాగే ఉంది. కొత్త లెక్చరర్లు వచ్చి చోటు అడిగినప్పుడు నా ల్యాప్‌టాప్‌ను కూడా తీసేశాను గానీ దాన్ని తీయలేదు. నెలకోసారి పట్టిక చూసేవాడిని. ఆ నంబరు ఒక్కసారి కూడా కనిపించలేదు. చీటీ మాత్రం అద్దం కిందే ఉంది. ఎండ పడి సంతకం వెలిసిపోయింది. నంబరు వెలిసిపోలేదు.

రెండేళ్లు దాటాక ఒక పొద్దు సారు ఫోన్ చేశారు. "ఇంటికి ఇంటర్నెట్ పెట్టించినానప్పా. వైర్‌లెస్ మోడెమ్ ఇచ్చి పోయినారు. ఏం చేయాలో తెలీదు. తీరిక చూసుకొని రా." ఆయన ఒకసారి అడిగారు. నేను మధ్యాహ్నం బస్సుకే పోయాను. పోయేముందు అద్దం ఎత్తి, చీటీ తీసి జేబులో పెట్టుకున్నాను.

ఇల్లు శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది. మోడెమ్ లోపలి గదిలో బీరువా పక్కన స్టూలు మీద ఉంది. అంతా కలిపి, సారు ల్యాప్‌టాప్‌లో పేజీ తెరుచుకునేట్టు చేసి, అలవాటు కొద్దీ అన్నాను.

"సార్, దీన్ని ఇట్లనే వదిలేస్తే వీధిలో ఎవరైనా చేరతారు. జాబితా పెడతా. మీ ల్యాప్‌టాప్ ఒక్కటే వస్తాది."

"దానికి నంబరేదో కావాల కదా. యాడుంటాదో చూడు."

"చూడాల్సిన పని లేదు సార్," అని చూడకుండానే కొట్టడం మొదలుపెట్టాను. నాలుగు గుర్తులు, ఆరు, ఎనిమిది. పన్నెండో దాని దగ్గర ఆగి తలెత్తితే సారు నన్నే చూస్తున్నారు.

"అది నీకెట్ల గుర్తుండాదప్పా?"

జేబులోంచి చీటీ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని తన రాతను తాను చదువుకున్నారు.

"ఆ పొద్దు చోటుండె సార్. నాదే పనికిరాని వస్తువు ఒకటి తీసేసింటే అయిపోతాండె. మీరు మూడు రోజులు తెరిచి చూసింది కూడా నాకు కనపడతానే ఉండె. నేనే చేయలేదు."

వీధిలో ఉలి చప్పుడు వినిపిస్తోంది. సారు చీటీని నాలుగు మడతలు పెట్టారు, మళ్లీ విప్పారు.

"ఆమె నన్ను అడిగిందప్పా. కాలేజీలో కిటికీ పిల్లోడు ఉండాడు కదా, నెట్ సెంటరుకు ఎందుకు పోయినావ్ అని. ఆ పొద్దు కరెంటు లేదని చెప్పినా."

ఆయన జీవితంలో ఆమెకు చెప్పిన అబద్ధాలు ఎన్ని ఉంటాయో నాకు తెలియదు. ఆ ఒక్కటి నా కోసం చెప్పారు. నేను నేల చూపులు చూస్తూ ఏడ్చాను.

"నేను గూడా రెండోసారి అడగలేదు కదా," అన్నారు సారు. "అడిగింటే చేసేవాడివి. నాకు తెలుసు. పౌరుషం. పోయింది పోయె." కొంచెం ఆగి మోడెమ్ వైపు చెయ్యి చూపించారు. "ఆ జాబితా తీసేయ్. ఆ పాస్‌వర్డు తాళం గూడా వద్దు."

"ఎవరు దాంట్లో ఏం చేసినా మీ మీదికి వస్తాది సార్. పోలీసులు గూడా మీ ఇంటికే వస్తారు."

"రానీ. ఎవరికి ఏ ఉత్తరం రావాల్సుండాదో మనకేం తెలుసు?"

నేను కొట్టిన పన్నెండు గుర్తులూ ఒక్కొక్కటే చెరిపేసి ఆ పేజీ మూసేశాను. సంచి సర్దుకుంటుంటే సారు మళ్లీ పిలిచారు.

"ఆ బీరువా సందులో ఎందుకప్పా అది? తెచ్చి ఈడ పెట్టు."

వీధి వైపు కిటికీ చూపిస్తున్నారు. అప్పటికే దాని రెక్కలు రెండూ తెరిచి ఉన్నాయి. నేను వైరు పొడవు సరిచేసి, మోడెమ్‌ను ఆ కిటికీలో పెట్టాను.